ఆరో చేయి

కస్తానియా మఠం వాకిట్లో ఆరో సన్యాసి తలమీది నల్లగుడ్డ గాలికి తొలిగి, లోపల డ్రోసోస్ ముఖం కనబడ్డ చోట కిందటి వారం ఆపాను. మిగిలింది ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా దాటేసే వీలుంటే దాటేసేవాణ్ణే.

ముందు సంగతులు నాలుగు ముక్కల్లో. తొమ్మిదేళ్ళు తురకలతో కొట్లాడి గ్రీసుని మా దేశం చేసుకున్నాం. చేసుకున్నాక మాలో మేం తన్నుకున్నాం. పెద్ద రాజ్యాలు మూడూ కూడబలుక్కుని బవేరియా నుంచి మాకొక రాజుని పంపాయి. పదిహేడేళ్ళవాడు. మా భాష రాదు, మా మతం కాదు. ఆయన నాఫ్లియో రేవులో దిగిన రోజున గొంతు పోయేదాకా జేజేలు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. నెల తిరిగేసరికి పాత దళాలన్నీ రద్దు చేసి మమ్మల్ని ఇళ్ళకి పొమ్మన్నారు. ఇళ్ళు యుద్ధంలోనే కాలిపోయాయి. నేను రాజుగారి కొత్త పోలీసుదళంలో చేరి, చెయ్యెత్తి ప్రమాణం చేసి, బిగుతు లాగు తొడుక్కున్నాను. డ్రోసోస్ ఆ లాగులో కాలు దూర్చనన్నాడు. తుపాకీ అప్పగించకుండా కొండల్లోకి పోయాడు. ఏడాదిగా మేం ఒకరినొకరం చూడలేదు.

డ్రోసోస్ నాకు ప్రమాణ తమ్ముడు. యుద్ధం రెండో ఏట, ఈ కస్తానియా గుడిలోనే, మఠం పెద్దయ్య గెరాసిమోస్ తన నడుం పట్టీ విప్పి మా ఇద్దరి నడుములకీ కలిపి కట్టి, సువార్త పుస్తకం చుట్టూ మూడుసార్లు తిప్పాడు. అలా కట్టినవాళ్ళు ఒక తల్లి బిడ్డల కింద లెక్క. నేను రెండేళ్ళు పెద్ద. అప్పటినుంచి ప్రతి ఈస్టరుకీ డ్రోసోస్ వంగి నా చెయ్యి ముద్దుపెట్టుకునేవాడు, నేను వాడి నుదురు ముద్దుపెట్టుకునేవాణ్ణి. శవాల మధ్య కూర్చుని పండగ చేసుకున్న ఏడాది కూడా ఈ వరస తప్పలేదు.

ఇక రాజుగారి కొత్త చట్టం. ఆరుగురికి తక్కువ సన్యాసులున్న మఠాన్ని మూసెయ్యాలి. భూములూ వెండి సామానూ ప్రభుత్వానికి, సన్యాసులు వేరే మఠాలకి. లెక్క చూడ్డానికి బవేరియా లెఫ్టినెంటు ఐక్లర్ దొర, ఆయన మాట మాకూ మా మాట ఆయనకీ చెప్పడానికి పెట్రీదిస్ అనే గుమాస్తా, దారి చూపడానికి నేను. మేం ముగ్గురం, రెండు కంచరగాడిదలు. కొండెక్కడానికి దారులు రెండు. వంతెన మీదుగా పోయేది దగ్గర. మేకల దారి చుట్టు. వంతెన దగ్గర మంచు కరిగి బురదగా ఉంటుందని వచ్చేటప్పుడు మేకల దారినే తీసుకొచ్చాను.

మఠం చేరగానే పెద్దయ్య నన్ను బావి చాటుకి పిలిచి చెప్పాడు.

"ఆరుగురం ఉన్నాం స్టాథిస్. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, నిజమూ చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడు. చిన్నప్పటినుంచీ నీకు చక్కగా వచ్చిన పని అదేగా."

సరేనన్నాను. ఆరో మనిషి ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అసలు ఆరోవాడు, ముసలి కల్లీనికోస్, జనవరి మంచుల్లో పోయాడట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ఆయన్ని మోగని గంట కింద పూడ్చారు. గంట కొడితే కింద ఊళ్ళో జనం వేళ్ళు మడిచి లెక్కపెడతారని భయం. ముప్పై ఏళ్ళు ఆ గంట కొట్టినవాడు ఆయనే.

లెఫ్టినెంటు వాకిట్లో బల్ల వేయించుకున్నాడు. కంచరగాడిద మీంచి రాజుగారి పటం దింపి, మైనపుగుడ్డ విప్పి, బావి గట్టుకి ఆనించమన్నాడు. పటంలో రాజుకి నీలం కోటు, సన్నని మెడ, ఇంకా రాని మీసం. సన్యాసులు ఆ పటం ముందు వరసగా నిలబడ్డారు. పెట్రీదిస్ పేరు చదవడం, ఆ మనిషి అడుగు ముందుకెయ్యడం, దొర గీత గియ్యడం. నేను వరస వెంట నడిచి ఒక్కొక్కరి చెయ్యీ ముద్దుపెట్టుకుంటూ పోయాను. నన్నెవరూ చెయ్యమనలేదు. నల్లంగీ మనిషి ఎదురైతే మా నడుం దానంతటదే వంగుతుంది.

పెద్దయ్య చెయ్యి. వంటవాడు యొవానిక్కియోస్ చెయ్యి, ఉల్లిపాయ వాసన. కళ్ళు పోయిన నెక్టారియోస్ చెయ్యి. ఇంకో రెండు చేతులు. ఆరోది.

చిటికెన వేలు లేదు. ఆ వేలు పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా చొక్కా చించి కట్టింది నేనే.

తలెత్తేసరికి గాలికి నల్లగుడ్డ తొలిగింది. డ్రోసోస్. గడ్డం మాసి, బుగ్గలు లోపలికి పోయి, చచ్చిపోయినవాడి అంగీలో ఉన్నాడు. వాడు నా ముఖం చూడలేదు. బూట్లు చూశాడు, లాగు చూశాడు, కోటు మీది రాజుగారి బొత్తాలు చూశాడు. అన్నీ చూసి కళ్ళు దించుకున్నాడు. అప్పటికే నేనూ దించుకున్నాను. చాపిన చెయ్యి అలాగే ఉంది. నేను వంగలేదు. పక్కకి జరిగి నా తుపాకీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఎందుకు వంగలేదంటే ఇదీ అని చెప్పలేను. తమ్ముడి చెయ్యి అన్న ముద్దుపెట్టుకోడు, అదొకటి. వాడి ఎదట ఆ బట్టల్లో ఉండలేకపోయాను, అదొకటి. నోరు మూసుకోమన్నాడు పెద్దయ్య. మూసుకున్నాను. కొంప ముంచింది అదే.

లెక్క ఆరు తేలింది. దొర సంతకం పెట్టడమే తరువాయి. మధ్యాహ్నమైంది, ముందు తిందామన్నాడు. ఈస్టరుకి ముందు పెద్ద ఉపవాసం రోజులు కావడంతో నూనె లేని చిక్కుళ్ళు, ఆలివులు, ఎండు రొట్టె పెట్టారు. ఇవి దొరగారికి పడవేమో, మాకూ పడవు, నలభై రోజులు ఓర్చుకుంటామన్నాడు యొవానిక్కియోస్. పెట్రీదిస్ అది చెబితే దొర నవ్వాడు. చెడ్డవాడు కాడాయన. ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ, వాళ్ళ దేశంలో ఉన్న అక్కకి పంపడానికి మా దేశం బొమ్మలు గీసుకుంటూ ఉండేవాడు. నీళ్ళు మోసే ఆడవాళ్ళని గీశాడు, గొర్రెల గంటల్ని గీశాడు.

పెద్దయ్య పటంకేసి చూసి, రెండు పూటలా ప్రార్థనలో ఆయన పేరు చదువుతున్నామని, మా మతం కాకపోయినా పేరు నలగకుండా పలుకుతున్నామని, కస్తానియా అనే చోటొకటి ఉందని ఆయనకి తెలుసా అని అడిగాడు. తెలియదు, అయినా సంతకం ఆయనదే అన్నాడు దొర. అని చిన్న పుస్తకం తీసి పెన్సిలు చెక్కుకుంటూ నాకేసి తిరిగి ఏదో అన్నాడు. పెట్రీదిస్ చెప్పాడు.

"దొరగారు ఒక సంగతి తెలుసుకోవాలంటున్నారోయ్. నెలరోజులుగా చూస్తున్నారట, నువ్వు కనబడిన ప్రతి అయ్య చెయ్యీ ముద్దెట్టుకుంటావట. మొన్న తాగి చావిట్లో పడున్న అయ్య చెయ్యి కూడా వెతుక్కుని మరీ ముద్దెట్టుకున్నావట. ఇవాళ అయిదుగురికే పెట్టావు. ఆరో ఆయనకి ఎందుకు పెట్టలేదూ అని. అక్కగారికి రాయాలట."

దొర పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కొత్త ఆచారం ఏదో దొరికిందన్న ఉత్సాహం తప్ప ఆ ముఖంలో ఇంకేం లేదు. అనుమానం ఆయనకి రాలేదు. మా పెట్రీదిస్‌కి వచ్చింది. అడుగుతూ అడుగుతూనే నోట్లో ముద్ద నమలడం ఆపేశాడు.

పెదవి మీద పుండు లేచిందన్నాను.

"పుండు మూతికా, మనసుకా? అయిదు చేతులయ్యాక లేచిందా?" అన్నాడు పెట్రీదిస్. అని దొరకి చాలాసేపు చెప్పాడు. నేనన్నది అంత పొడుగు లేదు.

దొర తల ఆడించి నవ్వుతూ ఏదో అన్నాడు. అయితే ఇప్పుడు పెట్టమను, ఆ పటం పక్కన నిలబడి పెట్టుకోమను, బొమ్మ గీస్తాను, రాజుగారి పోలీసు రాజుగారి ఎదట సన్యాసి చెయ్యి ముద్దుపెట్టుకోవడం, అక్క మురిసిపోతుంది అన్నాడట. దాన్ని పెట్రీదిస్ నాకు వేరేలా చెప్పాడు.

"పెట్టు స్టాథిస్. నిజమైన సన్యాసి అయితే పెట్టు. కాకపోతే ఆ సంగతి ఇప్పుడే చెప్పు, నీ మీదికి రాకుండా నేను చూసుకుంటాను."

ఒక్క ముద్దు. మఠం నిలుస్తుంది, అయిదుగురు ముసలివాళ్ళు తమ దుప్పట్లలో తాము చస్తారు, డ్రోసోస్ పొద్దుగూకేలోగా అంగీ విప్పేసి కొండకి పోతాడు. నాకు అర్థం కానిది ఏమీ లేదు. లేచాను. డ్రోసోస్‌ని పిలిచారు. వచ్చి పటం పక్కన నిలబడ్డాడు. దొర కాగితం తిప్పి, ఇంకాస్త వెలుగులోకి రమ్మన్నాడు. జరిగాం. పెద్దయ్య కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు లేని నెక్టారియోస్ ఏం జరుగుతోందని పక్కవాణ్ణి అడిగాడు.

డ్రోసోస్ చెయ్యి చాపాడు. నేను టోపీ తీసి వంగాను. ధూపం వాసన లేదు ఆ చేతికి. మేకవెంట్రుకల వాసన, పొగ వాసన, మా పాత వాసన. నా పెదవి ఇంకా జానెడు దూరంలో ఉండగా ఆ చెయ్యి కిందకి జారిపోయింది.

"వద్దన్నా. నాకు తగదు," అన్నాడు.

అని వాడు వంగాడు. పన్నెండు ఈస్టరులు వంగినట్టే వంగి, నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. వాడు కావాలని చేసిన పని కాదు. అన్న తన ముందు వంగేసరికి వాడి నడుం ఆగలేదు, అంతే. నిలబడ్డాక, చేసిందేమిటో వాడి ముఖంలో చూశాను.

పెన్సిలు ఆగింది. మా కొండల్లో సన్యాసి ఎక్కడన్నా పోలీసు చెయ్యి ముద్దుపెట్టుకుంటాడా అని దొర అడగక్కర్లేదు. నెలరోజులుగా బొమ్మలు గీస్తున్న మనిషి. ఆయన ముఖంలోంచి అక్కయ్య వెళ్ళిపోయింది, లెఫ్టినెంటు వచ్చాడు. పుస్తకం మూసి, బల్లమీది కాగితంలో ఆరు కొట్టేసి అయిదు వేశాడు. వేశాక ముక్కు చీదుకుని, నాకేసి చూసి నెమ్మదిగా అడిగాడు. పెట్రీదిస్ ఈసారి ఏమీ కలపలేదు.

"ఈ మనిషి ఎవరు? నేను అడగటం లేదు. ఆయన అడుగుతున్నారు," అన్నాడు పటం చూపించి. "నువ్వు ఆయనకి ప్రమాణం చేశావు."

రెండు ప్రమాణాలు చేశాను నేను. ఒకటి ఆ తలుపు లోపల సువార్త పుస్తకం మీద చేసింది, అక్కడికి ఇరవై అడుగులు. రెండోది నాఫ్లియో మైదానంలో, నాకు రాని భాషలో ఎవరో చదువుతుంటే చెయ్యెత్తి చేసింది. ఆ వేళ నాలో ఈ రెండూ పోట్లాడుకున్నాయని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. నాకు నా బూట్లు గుర్తొచ్చాయి. పుట్టాక నీళ్ళు లోపలికి రాని బూట్లు తొడగడం అదే మొదలు. వేళకి రెండు పూటల కూడు గుర్తొచ్చింది. రద్దయిన దళంవాళ్ళు ఆర్గోస్ బయట గడ్డిదుంపలు తవ్వుకు తినడం గుర్తొచ్చింది, వాళ్ళలో ఒకణ్ణి నేనే లాఠీతో తరిమాను. పెట్రీదిస్ సంచిలో తుపాకీ అప్పగించనివాళ్ళ జాబితా ఉంది. అందులో ఉన్నవాడికి ట్రిపోలీలో సైనిక కోర్టు. ఆ కోర్టుకి వెళ్ళి వెనక్కి వచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు. అదీ తెలుసు నాకు.

"డ్రోసోస్ కొలీవాస్," అన్నాను.

ఊరి పేరు కూడా చెప్పాను. అదెవరూ అడగలేదు.

పెట్రీదిస్ జాబితా తీసి వేలితో వెతికాడు. దొరికింది. యొవానిక్కియోస్ లేచి ఎంగిలి గిన్నెలు తియ్యడం మొదలుపెట్టాడు, నా గిన్నె మాత్రం ముట్టుకోలేదు. డ్రోసోస్ అంగీ విప్పి, మడతపెట్టి, పెద్దయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. లోపల వాడి పాత తెల్ల కుచ్చుల పావడా, మా పాత దళాల వేషం. దాని రంగు ఇప్పుడు తెలుపు కాదు. నెక్టారియోస్ ముసలాయనకి ఎవరో చెవిలో చెప్పినట్టున్నారు.

"ఎవరు చెప్పారు? దొరా?" అని గట్టిగా అడిగాడు.

"కాదయ్యా. మన స్టాథిస్."

"ఆడు మాట్టాడడుగదా," అన్నాడు ముసలాయన.

దొర ఉత్తరువు చదివించాడు. మఠం మూత. వెండి సామాను రేపు మళ్ళీ వచ్చి తూచి మూటకట్టడం. సన్యాసులు ఈస్టరు లోపల మెగా స్పీలియో మఠానికి తరలడం. ఆ మనిషిని కట్టి ఈ మధ్యాహ్నమే కిందకి తీసుకుపోవడం. కట్టాల్సింది నేను. మా దగ్గర తాడు ఒక్కటే, వచ్చేటప్పుడు పటానికి కట్టింది. దాన్ని తెద్దామని వెళ్తుంటే పెద్దయ్య లేచాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. నా ముందుకి వచ్చి నిలబడి, తన నడుం పట్టీ విప్పాడు. పాత తోలుపట్టీ, అంచులు నలిగి మెరుస్తోంది. దాన్ని గుర్తుపట్టాను.

"దీంతో మీ ఇద్దర్నీ ఒకసారి నేను కట్టాను," అన్నాడు. "ఈసారి నువ్వు కట్టు. తోలు గట్టిదే, నాయనా. తెగేదేదో వేరే ఉంది."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ తిట్టు పట్టుకుని ఇన్నాళ్ళూ బతికేవాణ్ణి. నాయనా అన్నాడు.

పట్టీ తీసుకున్నాను. డ్రోసోస్ చేతులు వెనక్కి పెట్టాడు, నాకు కష్టం కాకుండా మణికట్లు దగ్గరగా పెట్టాడు. నేను కడుతుంటే నాలుగు వేళ్ళున్న ఆ చెయ్యి నా వేళ్ళకి తగిలింది. ముడి బిగించడానికి వాడి భుజం దగ్గరగా వంగాను. అప్పుడు వాడు పెదవులు కదలకుండా చెప్పాడు. ఏడాది తరవాత వాడు నా ఒక్కడికే వినబడేలా అన్న మొదటి మాట అది.

"అన్నా, వంతెన మీదుగా వద్దు. మనవాళ్ళు ఏడుగురున్నారక్కడ. నేను పొద్దుగూకేసరికి రాకపోతే వాళ్ళే పైకి వస్తామన్నారు. దారిలో మీరు కనబడితే కాలుస్తారు. ఈ బట్టల్లో నిన్ను గుర్తుపట్టరు."

నా చేతుల్లో ముడి సగంలో ఉంది.

వంతెన మీదుగా పోతే వాడు బతుకుతాడు. మేకల దారిన పోతే నేను బతుకుతాను. అది వాడికీ తెలుసు, తెలిసే చెప్పాడు. ఇంకోసారి ఆ ముఖం చూద్దామనుకున్నాను. వాడు అటు తిరిగి కొండ చూస్తున్నాడు, మేకల దారి వైపు.

వెనక దొర కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. పటానికి మైనపుగుడ్డ చుట్టించి, పొద్దు చూసుకుని, చీకటి పడకముందే దిగాలన్నాడు. వచ్చిన దారి మహా పొడుగు, దగ్గర దారి ఏదో ఉందన్నావు కదా అని నన్ను అడిగాడు. పెట్రీదిస్ కళ్ళెం పట్టుకుని నిలబడి ఆ మాట మాకు అర్థమయ్యేలా తిప్పి చెప్పాడు.

"దారి తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఏ దారినోయ్, స్టాథిస్?"

పెద్దయ్య చూస్తున్నాడు. గిన్నెలు పట్టుకుని యొవానిక్కియోస్ చూస్తున్నాడు. కళ్ళు లేని ముసలాయన కూడా చెవి ఇటే పెట్టాడు. ఆ రోజు ఒకడి ప్రాణం తేల్చడానికి నేను రెండోసారి నోరు తెరవాల్సొచ్చింది.